అన్నిటికీ రాదనే చెప్పు

తిరువళ్ళూరులోని ఆ ప్రత్యేక బడిలో తొమ్మిదో తరగతికి ఎనిమిదే సీట్లు. వాటికి ముప్పై మంది తల్లులు వరుస కట్టారు. తిరుత్తణిలో మామూలు హైస్కూలు ఇంటికి రెండు వీధుల అవతలే ఉంది గానీ, అక్కడ తన కూతురు జ్యోతికను వెనక బెంచీలో కూర్చోబెట్టి మరిచిపోతారని విద్యాలక్ష్మి భయం. ఎనిమిదో తరగతి దాకా జరిగింది అదే. పద్నాలుగేళ్ళ పిల్ల. ఏదైనా నిదానంగా నేర్చుకుంటుంది, నేర్చుకున్నది మాత్రం మరవదు. ఆ నిదానానికి ఓపిక పట్టే చోటు కావాలి. తిరువళ్ళూరు బడిలో పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా చదువూ, వంటా, కుట్టుపనీ నేర్పుతారట.

సలహా ఇచ్చింది గోవిందస్వామి మామ. వీధిలో ఎవరికి ఏ అప్లికేషన్ నింపాలన్నా ఆయనే ముందుంటాడు. నింపినవాటిలో సగం తిరిగొస్తాయనేది వేరే సంగతి.

"ఏమడిగినా అన్నిటికీ రాదనే చెప్పు తల్లీ. ఇది వస్తాది, అది వస్తాది అని గొప్పలకు పోతివా, అట్లయితే మీ ఊరి స్కూలే చాలులేమ్మా అని పంపించేస్తారు" అన్నాడు. ఆ మాట విద్యాలక్ష్మి బుర్రకెక్కింది. ఎక్కకపోతే బాగుండేది.

పొద్దున్నే తల్లీకూతుళ్ళు ఎలక్ట్రిక్ ట్రైను ఎక్కి పోయారు. ప్రశ్నలడిగే టీచరమ్మ ప్రియదర్శిని పాండూరు పిల్ల, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అది తెలియగానే విద్యాలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. అరవంలో అయితే అబద్ధం కాస్త తడబడేదేమో, ఇంటి మాటలో సాఫీగా వచ్చేసింది.

"తల తనే దువ్వుకుంటాదామ్మా?"

"రాదు మేడం."

"స్టవ్వు ముట్టిస్తాదా?"

"రాదు."

"ఒంటిగా రోడ్డు దాటి పోయి వస్తాదా?"

జ్యోతిక తలెత్తింది. రోజూ సాయంత్రం పాలక్యాను పట్టుకొని, బస్సులు తిరిగే రోడ్డు దాటి, పాల సొసైటీకి పోయేది ఆ పిల్లే.

"పోతాను కదమ్మా" అంది.

విద్యాలక్ష్మి బల్ల కింద కూతురి చెయ్యి గట్టిగా నొక్కింది. "రాదు మేడం. ఊరికే అంటాది."

ఊరికే అంటుందట! కన్నతల్లి అనాల్సిన మాటేనా అది? జ్యోతిక మళ్ళీ నోరు తెరవలేదు. అన్ని ప్రశ్నలూ అయ్యాక టీచరమ్మ కాగితం, పెన్ను ముందు పెట్టి పేరు రాయమంది. తమిళంలో తన పేరు గుండ్రంగా రాస్తుందా పిల్ల. అది నేర్చుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు మాత్రం పెన్ను వంక చూసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు రాదు మిస్" అంది.

సీటు అక్కడికక్కడే ఖాయమైంది.

తిరుగు ట్రైనులో విద్యాలక్ష్మి సంతోషపడాలనే చూసింది, చేతకాలేదు. ఇరవై రెండుసార్లు రాదన్నాను, అదీ పిల్లను పక్కన పెట్టుకొని. కాసేపు బయట కూర్చోమని పంపాలని కూడా తోచలేదే, నాదీ ఒక తెలివేనా అని తనను తానే తిట్టుకుంది. అరక్కోణంలో కొన్న వడలు అలాగే చల్లారిపోయాయి. కూతురు కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది.

సాయంత్రం విద్యాలక్ష్మి ఆవు పాలు పితికి క్యాను వాకిట్లో పెట్టింది. జ్యోతిక కదల్లేదు.

"పొద్దు పోతావుంది, పో పాపా."

"నేను పోను మా. నాకు రాదు కదా."

విద్యాలక్ష్మి గడప మీద కూలబడింది. చెయ్యి పట్టుకొని ఒక్కొక్కటే నేర్పించి పైకి తెచ్చిన పిల్ల. ఒక్క గంటలో అంతా తానే తుడిచేసింది. ఇంత పాపం ఏ తల్లి చేస్తుంది? కొంగుతో కళ్ళు తుడుచుకొని ఫోను తీసి నంబరు నొక్కింది.

"ఎవరికి మా?"

"ఆ మేడంకే. నేను చెప్పిందంతా అబద్ధమని చెప్పేస్తాను. సీటు పోతే పోనీ."

జ్యోతిక గబుక్కున వచ్చి తల్లి మణికట్టు పట్టుకుంది.

"వద్దు మా! చెప్తే నిన్ను తిడతారు. అందుకే కదా నేను పేరు రాయకుండా గమ్మునున్నాను. రాసుంటే నువ్వు అబద్ధం చెప్పినావని తెలిసిపోదా? పాలు తీసుకొని పోయినా ఎవరన్నా చూసి చెప్పేస్తారు. నేనింక ఏమీ చేయన్లే మా. నువ్వు భయపడొద్దు."

అవతల ఫోను మోగుతూనే ఉంది. కాసేపటికి, "చెప్పండమ్మా, ఏం సంగతి?" అని ప్రియదర్శిని గొంతు వినిపించింది.

"మేడం, మా బిడ్డకు అన్నీ వస్తాయి" అంది విద్యాలక్ష్మి. "అబద్ధమాడేది ఒకటే రాకుండె. ఈ పొద్దు అది కూడా నేనే నేర్పించినాను."