అవతలి రేవు పిలుపు

ఖైదీలతో కబుర్లాడటం కూడా ఒక పనేనా అని అమలాపురంలో వరప్రసాదం మేష్టారి వెనక నవ్వుకునేవారు. ట్రైనింగ్ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పే ఆయన, ఎనభై ఆరో సంవత్సరం గోదావరి వరదలయ్యాక గురువారం గురువారం సబ్‌జైలుకి వెళ్ళి, మనసు చెదిరిన ఖైదీలతో మాట్లాడేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఒక్కడినైనా బాగుచేసి చూపించాలన్న పంతం ఆయనలో ఉడుకుతూనే ఉండేది.

ఆ ఒక్కడూ పడవ నడిపే బంగారయ్య. వరదలో పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకుని పడవ ముంచాడని కేసు. తను ఈదుకుని ఒడ్డెక్కాడు, మిగతావాళ్ళు ఎక్కలేదు. అప్పట్నుంచీ మిట్టమధ్యాహ్నం అయితే చాలు, చెవులు మూసుకుని గోడకి ఒదిగిపోతాడు.

"అవతలి రేవునించి పిలుత్తున్నారండి. నేను పలకనండి."

ముద్ద గొంతు దిగక మనిషి చిక్కి శల్యమైపోయాడు. ఇలాగే వదిలేస్తే పోతాడని మేష్టారికి బెంగ పట్టుకుంది. భయానికి ఎదురు నిలబడితే అదే తోక ముడుస్తుందని ఆయన చదువుకున్నారు, నమ్మారు.

"ఈసారి పిలిస్తే పలుకు బంగారయ్యా. ఏమవుతుందో నేనూ చూస్తాను."

"వద్దండి బాబూ."

ఎందుకు వద్దో మేష్టారు అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఆ మధ్యాహ్నం పక్కనే కూర్చుని, చెవుల మీంచి వాడి చేతులు తీసి తన చేతుల్లో పట్టుకున్నారు. బంగారయ్య గోడకేసి చూసి, "ఓయ్" అన్నాడు.

ఆ పూటనుంచి కడుపునిండా తిన్నాడు, ఆదమరిచి నిద్రపోయాడు. మేష్టారు పొంగిపోయి బెయిలు కోసం తనే తిరిగారు.

విడుదలైన మర్నాడు, ఎలా ఉన్నాడో చూద్దామని రేవుకి వెళ్ళారు. బంగారయ్య భార్య పోలమ్మ ఒడ్డున కూర్చుని ఉంది.

"ఇప్పుడే మా ఆయన, మా మరిది పడవ ఇప్పుకెల్లేడండి. ఎంత ఆపినా ఆగలేదు. పలికేసేను, ఇంక ఎల్లాలి అన్నాడండి."

"పలికితే ఏం?"

"పడవోడు ఓయ్ అన్నాడంటే వత్తానని మాటిచ్చినట్టేనండి. ఆ రోజు నీళ్ళలోంచి పేరెట్టి పిలుత్తుంటే అందుకే పలకలేదండి. పలికితే ఎనక్కెల్లాలి కదండీ."

మేష్టారు ధైర్యం చెప్పాననుకున్నారు, వాడి చేత చచ్చినవాళ్ళకి మాట ఇప్పించారు. పాయ మధ్యలో పడవ కనిపించింది. బంగారయ్య ఒక్కడే గెడ వేస్తున్నాడు. ఒక్కడి బరువుకే పడవ అంచుల దాకా నీళ్ళలోకి దిగి ఉంది.

"బంగారయ్యా, వెనక్కి వచ్చెయ్," అని మేష్టారు గొంతు చించుకుని పిలిచారు, మళ్ళీ పిలిచారు. వాడు తల తిప్పలేదు.

"ఇప్పుడు పలకడండి," అంది పోలమ్మ. "ముందు పిలిచినోళ్ళని దించొచ్చేకేనండి తమరి వంతు."