మా అబ్బాయి బిగించిన వెన్నెల

సోమవారం ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. సన్నని వాన, గాలి లేదు. మా మనవరాలు దుప్పటి ముసుగులోంచి బయటకు రాలేదు. తొమ్మిదేళ్ల పిల్ల. పరుగు చూసే మేము దానికి మిడత అని పేరు పెట్టాం. అలాంటిది, ఈ నెలలో ఈల మోగాక కూడా పరుగు మొదలుపెట్టే గీత దగ్గరే ఆవలిస్తూ నిలబడిపోతోంది. శనివారం బడి రిలే జట్టుకు ఎంపిక. "ఇంకొక్కసారి చూస్తాను, అంతే" అని వ్యాయామం మాస్టారు తేల్చి చెప్పారు.

"రాత్రి ఎప్పుడు పడుకున్నావే?"

"పడుకోవడం ఎనిమిదిన్నరకే నానమ్మా. నిద్రే రాలేదు."

అబద్ధమాడే పిల్ల కాదు. కనుక కారణం పిల్లలో కాదు, గదిలో ఉండాలి. మా అబ్బాయి నాటకశాలలో దీపాలు అమర్చుతాడు. కూతురికి చీకటంటే భయమని, రంగస్థలం మీద వెన్నెల కురిపించే దీపమొకటి తెచ్చి నెల క్రితం ఆమె మంచం పైన బిగించాడు. ఆ తెల్లని నీలి వెలుగులో సూదిలో దారం ఎక్కించవచ్చు.

మరునాటి సాయంత్రం కరెంటు పోయింది. కబుర్లు చెబుతుండగానే మిడత నా ఒడిలో ఒరిగిపోయింది. తెల్లవారి నేను లేపకముందే లేచి, పళ్లు తోముకుని, మెట్ల మీద గెంతుతోంది! నా ఒళ్లు పులకరించింది.

"ఒరేయ్, దొరికిందిరా! నీ కూతురి నిద్ర ఎత్తుకుపోతున్నది నీ వెన్నెలే!"

"అదెంత మెత్తని వెలుగమ్మా! ప్రేక్షకులు కళ్లార్పకుండా చూస్తారు."

"మరి ఇదీ కళ్లార్పడం లేదు!"

వాడు పకపకా నవ్వాడు.

ఆ పూటే నీలి దీపం దిగిపోయింది. తలుపు అవతల, నేల దగ్గర, నారింజ రంగు కాగితం తొడిగిన చిన్న బల్బు వెలిసింది. దానికి వెలుగు తగ్గించే మీట. రోజూ ఒకే వేళకు వాడు "తెర పడుతోందహో!" అని కేకవేస్తే టీవీ ఆగాలి, నాదానితో సహా ఫోన్లన్నీ వంటింటి అలమరలోకి పోవాలి.

"నాటకం ఇంకా అయిపోలేదు నాన్నా!"

"నటి ఆవలించిందిగా తల్లీ, అయిపోయినట్టే."

శనివారం ఎండ కాసింది. ఈల మోగిందో లేదో మిడత ఎగిరింది! "పోవే, పో!" అని నేను గొంతు చించుకున్నాను, మా అబ్బాయి బెంచీ ఎక్కి చిందులేశాడు. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది, రెండో స్థానంలో గీత దాటింది. మాస్టారు ఆమె వైపు వేలు చూపి, "రిలేలో మూడో పరుగు నీది" అన్నారు.

ఏడేళ్ల తరువాత ఆమె పరుగు వదిలి ఈతలో చేరింది. అప్పటికి నిద్రవేళ పదింటికి మారింది.