అంకె ముట్టుకోకూడదు

మామగారి మందుల డబ్బాకు ఏడు అరలు, రోజుకొకటి. ఆదివారం పూట అందులో మాత్రలు సర్దేది కొడుకు. కొడుకు సర్దాక, ఎవరూ చూడకుండా మళ్ళీ సర్దేది కోడలు. మంగళవారం అరలో బీపీ మాత్రలు రెండు పడేవి, గురువారం అరలో ఒక్కటీ ఉండేది కాదు. ఆవిడ అటుదిటు మార్చి మూత పెట్టేసేది. "ఎంత పనున్నా మావాడు నా మందులు మాత్రం మరిచిపోడు," అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవారు. ఆవిడ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది. చెబితే ఏముంది? తండ్రికి దిగులు, కొడుక్కి కోపం. చెప్పకపోతే అందరికీ హాయి. అలా అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఉద్యోగంలోనూ అదే పని. ఆవిడ పనిచేసేది బ్యాంకులో, కానీ మనం డబ్బు వేసుకుని తీసుకునే బ్యాంకు కాదు. ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనాలంటే, అది ఎంత చేస్తుందో తేల్చి బేరం కుదిర్చే బ్యాంకు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు అంటారు. తేల్చేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు. అందరూ పేరున్న కాలేజీలవాళ్ళే. వాళ్ళు పంపిన నివేదికలకు అక్షరాలు సరిచేసి, గీతలకు రంగులు వేసి, చూడముచ్చటగా తయారుచేసే ఆడవాళ్ళు, ఆవిడతో కలిపి ఆరుగురు, కింది అంతస్తులో ఉంటారు. చేరిన మొదటిరోజే వాళ్ళకు ఒక మాట చెబుతారు: అంకె ముట్టుకోకూడదు.

ఆవిడ చదివిందీ పైవాళ్ళ చదువే. కాకపోతే బస్టాండు వెనక, టైర్ల కొట్టు మీద నాలుగు గదుల్లో నడిచే కాలేజీలో చదివింది. "మీ కాలేజీలో పట్టాతో పాటు పంక్చర్లు కూడా వేసిస్తారా?" అని పెళ్ళయిన కొత్తలో భర్త అంటే ఆడపడుచులు పడీపడీ నవ్వారు. ఆవిడా నవ్వింది. అలా నవ్వినందుకు ఇప్పటికీ తనమీద తనకే కోపం. పై అంతస్తు ఉద్యోగానికి మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మూడుసార్లూ ఒకటే జవాబు, మీ కాలేజీ మా జాబితాలో లేదని. "నీకిప్పుడు ఏం తక్కువైందని?" అన్నాడు భర్త, ఇస్త్రీ చొక్కా కోసం చెయ్యి చాపుతూ. ఆవిడ చొక్కా చేతికిచ్చింది.

నాలుగోసారి పై అంతస్తు పెద్దావిడ పిలిపించింది. కటువు మనిషే గానీ, దరఖాస్తు చివరిదాకా చదివిన మొదటి మనిషి. "కాలేజీ సంగతి పక్కన పెడదాం. నాలుగేళ్ళుగా ఇక్కడే ఉన్నావు కదా. నువ్వు సొంతంగా చేసిన పని ఒక్కటి చూపించు," అంది. ఆవిడ చేసినవి ఒకటా రెండా? పైనుంచి వచ్చిన కాగితాల్లో తప్పు కనబడితే చెయ్యి ఊరుకునేది కాదు. చడీచప్పుడు లేకుండా దిద్ది పంపేసేది. దిద్దిన తప్పుకు ఆనవాలేముంటుంది? తుడిచిన ఇల్లు చూసి, నిన్న ఇక్కడ ఎంత దుమ్ముండేదో అని ఎవరనుకుంటారు? పైగా దిద్దానంటే, రూలు తప్పానని ఒప్పుకున్నట్టే. "శుక్రవారం సాయంత్రం దాకా చూస్తాను. ఏమీ లేకపోతే ఈ దరఖాస్తు పక్కన పడేస్తా. ఇంక మళ్ళీ అడగొద్దు," అంది పెద్దావిడ.

శుక్రవారం పొద్దున ఒక నివేదిక కిందికి వచ్చింది. పంపినతన్ని అందరూ బంగారు పతకం అంటారు. కాలేజీలో వచ్చిన పతకాన్ని అద్దం కట్టించి బల్లమీద పెట్టుకున్నాడు. వెనకాలే ఫోను చేశాడు. "అక్కా, మూడింటికి కొనేవాళ్ళు వస్తున్నారు. నీ చెయ్యి పడితే చాలక్కా, నాకింక దిగులుండదు."

మూడో పేజీలో ఒక ఫ్యాక్టరీని రెండేళ్ళలో మూసేస్తారని ఉంది. ఇరవయ్యో పేజీలో అదే ఫ్యాక్టరీ పదేళ్ళపాటు సరుకు తీస్తూనే ఉంది, లాభాలు తెస్తూనే ఉంది. ఆ లాభాలు చూసే కంపెనీకి అంత ధర కట్టారు. ఆవిడ చెయ్యి దానంతటదే మౌసు మీదికి వెళ్ళింది. పావుగంట పని. పక్క కుర్చీలోంచి, ఆ గదిలో అందరికన్నా పాతమనిషి, పెద్దక్క తొంగిచూసింది.

"దిద్దేసి పంపెయ్యవే. మనకెందుకొచ్చిన గొడవ?"

"దిద్దితే నాకేం మిగుల్తుందక్కా?"

"జీతం. చాలదూ? అయినా పాపం, అతని పరువు పోతుందే. నోరారా అక్కా అంటాడు."

"అక్కా అంటాడనే కదా ఇన్నాళ్ళూ ఊరుకున్నాను."

ఆవిడకు భయం వేయలేదని కాదు. ఈ ఉద్యోగం పోతే, చెప్పానా వినలేదు అనే మాట ఇంట్లో జీవితాంతం వినాలి. ఎంత ఒద్దికైన పిల్లో అని అత్తగారు చుట్టాల్లో చెప్పుకునే పేరూ పోతుంది. ఆ పేరు ఎన్నేళ్ళు మోసింది! మోసి మోసి, అసలు తనకింకేమైనా పేరుందా అనిపించేదాకా వచ్చింది. చెయ్యి మౌసు మీదినుంచి తీసింది. ఒక్క అంకె కూడా ముట్టుకోలేదు. విడిగా ఒక ఉత్తరం రాసింది. ఇరవయ్యో పేజీ తప్పు, ఎందుకు తప్పో ఇది, ఎలా లెక్క కట్టాలో ఇది, అసలు ధర ఇంత. కింద తన పేరు, ఇంటిపేరుతో సహా. అతనికీ, పెద్దావిడకీ కలిపి పంపింది.

పది నిమిషాల్లో బంగారు పతకం మెట్లు దిగి పరుగెత్తుకొచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఇదేంటక్కా ఇలా చేశావు? ఎప్పుడూ నువ్వే దిద్దేదానివిగా! నాకొక్కడికేనా? అందరివీ నువ్వే దిద్దేదానివిగా!"

అతని వెనకే దిగివచ్చిన పెద్దావిడ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఉత్తరం ఉంది. అతన్ని చూడలేదు.

"ఎప్పుడూ అంటే?" అని ఆవిడనే అడిగింది.

అబ్బే, ఏదో అప్పుడప్పుడూనండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పుట్టినప్పటినుంచీ అలవాటైన మాట. ఆవిడ దాన్ని మింగేసి, పక్కనున్న కుర్చీ ముందుకు జరిపింది.

"చేరిన రెండోవారం నుంచీనండి. అన్నీ గుర్తున్నాయి. కూర్చోండి, మొదటిదానినుంచి చెబుతాను."