ఎగువ గట్టు మీద

కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి ఏడాదిన్నర అయినా, బరంపురంలోని ఆ హైస్కూలు గోడ మీద ఇంకా పాత మద్రాసు పటమే వేలాడుతోంది. భీమేశ్వరరావు మాస్టారు దాని మీద గంజాం చుట్టూ ఎర్ర సుద్దతో గీత గీసి భూగోళం చెప్పేవారు.

ఆరో ఫారంలో భూగోళం తీసుకున్నవాళ్లు కొద్దిమందే. వాళ్లలో శ్యామసుందర్, పైడన్న ఒకే బల్ల మీద కూర్చునేవారు. శ్యామసుందర్ తండ్రి వెంకటరమణమూర్తికి బజారులో టోకు పప్పుల దుకాణం. పైడన్న దిగపహండి దగ్గరి ఊరివాడు, అసిరయ్య అనే రైతు కొడుకు. ఆ ఊరి నుంచి అంత చదువు దాకా వచ్చింది అతనొక్కడే.

దసరా సెలవులకు ముందు మాస్టారు అన్నారు: “పుస్తకం వల్లెవేస్తే భూగోళం రాదురా. ఏదో ఒక గెడ్డో వాగో పట్టుకుని దాని వెంట నడవండి. నేల ఎటు వాలిందో కొలవండి. ఆ నీటిని నమ్ముకుని ఎవరెక్కడ బతుకుతున్నారో చూడండి.”

“మా ఊరి గెడ్డే కొలుద్దుం రా” అన్నాడు పైడన్న.

ఆ ఏడు హస్తకార్తెలో చినుకు రాలలేదు. వరి పొట్టకొచ్చే వేళకు మడులు నెర్రెలిచ్చాయి. గెడ్డలో నీళ్లున్నాయి కానీ, ఎగువ ఊరివాళ్లు మట్టి, బండలు, తాటిదుంగలు వేసి అడ్డంగా గట్టు కట్టుకున్నారు. దిగువకు తడి ఇసుకే మిగిలింది.

సెలవులకు శ్యామసుందర్ పైడన్న ఇంట దిగాడు. ఇద్దరూ తాడు, కర్రలు, మాస్టారిచ్చిన దిక్సూచి పట్టుకుని గెడ్డ పొడవునా తిరిగారు. ఎండకు శ్యామసుందర్ మెడ మీద చర్మం ఊడింది. అయినా అతనికి అంత హుషారు ఎన్నడూ కలగలేదు. పుస్తకంలో గీతలుగా చదివిన వాలు పాదాల కింద తెలుస్తోంది. గట్టు ఉత్తరపు కొసన, ముళ్లపొదల వెనక, గెడ్డ పాత దారి ఒకటుందని కనిపెట్టాడు. అక్కడ కొంచెం తెరిస్తే ఎగువ మడులు ఎండవు, దిగువ మడులూ తడుస్తాయి.

సాయంత్రం అసిరయ్య అరుగు మీద ఆ మాట చెప్పాడు. చుట్టూ ఊరి రైతులు కూర్చున్నారు.

“అయితే తవ్వాల్సింది ఉత్తరం పక్కనంతావా, బాబూ?” అన్నాడు అసిరయ్య.

“అవును మావా. కానీ ముందెల్లి ఆళ్లతో మాటాడండి. ఇద్దరికీ సరిపోతాదని నాను బొమ్మేసి సూపిస్తాను.”

“మూడుసార్లు మాటాడినాం. సోములు మా మీదకి కుక్కల్ని ఉసిగొలిపినాడు” అన్నాడొకాయన. సోములు ఎగువ ఊరి పెద్ద.

ఆ తర్వాత ఎవరూ శ్యామసుందర్‌ను ఏమీ అడగలేదు. వాళ్లకు కావలసింది దొరికింది.

తెల్లవారి లేచేసరికి ఇంట్లో మగవాళ్లు లేరు. పైడన్న తల్లి పుణ్యవతి గుమ్మంలో నిలబడి ఎగువకేసి చూస్తోంది. “పారలట్టుకుని ఎల్లినారు బాబూ. పైడన్న కూడా ఎల్లినాడు” అంది. శ్యామసుందర్ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాడు.

అతను చేరేసరికి గట్టు సగం తెగింది. ఎర్రనీళ్లు పాత దారిలోకి దూకుతున్నాయి. దిగువవాళ్లు కేకలు వేస్తూ ఇంకా తవ్వుతున్నారు. అంతలో ఎగువ నుంచి కర్రలు, బల్లేలతో మనుషులు దిగారు. ముందు రాళ్లు వచ్చాయి. ఒకడి పళ్లు రాలి నోటి నిండా నెత్తురుతో కూలబడ్డాడు. తర్వాత ఎవరు ఎవరిని కొడుతున్నారో తెలియలేదు. కర్ర ఎముక మీద పడిన చప్పుడు, బురదలో కాళ్లు కొట్టుకునే చప్పుడు, బూతులు, ఏడుపులు.

“ఆపండి! అందరికీ నీళ్లొస్తాయి!” అని శ్యామసుందర్ అరిచాడు. ఎవడో మోచేత్తో కొడితే ముళ్లలో పడ్డాడు. అక్కడి నుంచే అంతా చూశాడు.

అసిరయ్య పార కింద పడేసి రెండు చేతులూ ఎత్తాడు. “సోములూ, ఆగరా! మాట యిను!” అన్నాడు. సోములు బల్లెం అతని కడుపులో దించాడు. అసిరయ్య ఆ బల్లేన్ని పట్టుకునే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. సోములు దాన్ని లాగేసరికి పక్కకు ఒరిగాడు. తెగిన గట్టులోంచి నీళ్లు అతని మీదుగా పారాయి.

“అయ్యా!” అని పైడన్న కేక వేశాడు. చేతికందిన గునపం ఎత్తాడు. సోములు అప్పటికే వెనక్కి పరుగెత్తాడు. సోములు తమ్ముడు నరసన్న అన్నను వెతుక్కుంటూ వచ్చి బురదలో జారి బోర్లా పడ్డాడు. చేతిలో ఏమీ లేదు. లేవబోతూ వెనక్కి చూసి, “నాను కాదు! నాను కాదు!” అన్నాడు.

పైడన్న కొట్టాడు. మళ్లీ కొట్టాడు. నరసన్న కదలడం మానేశాక కూడా కొట్టాడు. శ్యామసుందర్ వెళ్లి వెనక నుంచి నడుము పట్టుకుంటేనే ఆగాడు. పైడన్న ముఖం నిండా ఇంకొకరి నెత్తురు. స్నేహితుణ్ణి ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూశాడు.

ఎండ ముదిరేసరికి పోలీసులు వచ్చారు. అసిరయ్య గట్టు మీదే పోయాడు. నరసన్న బరంపురం ఆస్పత్రికి తీసుకెళ్తుండగా బండిలో పోయాడు.

కేసు సెషన్సు కోర్టుకొచ్చింది. అసిరయ్య తన పార మీద తనే పడ్డాడని ఎగువవాళ్లు, నరసన్న తల బండకు కొట్టుకుందని దిగువవాళ్లు చెప్పారు. రెండూళ్లకీ చెందని సాక్షి శ్యామసుందర్ ఒక్కడే.

“ముళ్లల్లో పడ్డాను, ఏటీ కనపడనేదని సెప్పు” అన్నాడు వెంకటరమణమూర్తి. “రెండూళ్లవాళ్లూ మన కొట్టుకి వస్తారు. మనకెందుకురా ఈ గొడవ?”

విచారణకు ముందురోజు పుణ్యవతి బరంపురం లంజిపల్లి పేటలోని శ్యామసుందర్ ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మన్నా రాలేదు. “మా ఇంట అన్నం తిన్నావు బాబూ” అంది. “సోములు పొడిసింది సెప్పు. రెండోది సూడనేదని సెప్పు. నాకింక ఆడొక్కడే.”

ఆమె కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

మరునాడు బోనెక్కి సోములు బల్లెంతో పొడవడం చెప్పాడు. ఎగువవాళ్ల వకీలు లేచాడు. “అసిరయ్యను పొడవడం అంత బాగా చూశావు. నరసన్న ఎలా చనిపోయాడో చూడలేదా?”

ముద్దాయిల వరసలోంచి పైడన్న తలెత్తి శ్యామసుందర్‌కేసి చూస్తున్నాడు. చూడలేదు అనడానికి శ్యామసుందర్ పెదవులు కదిపాడు. “నాను కాదు” అన్న నరసన్న గొంతు చెవిలో మళ్లీ వినిపించింది.

“చూశాను” అన్నాడు. “పడిపోయి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు. పైడన్న గునపంతో కొట్టాడు.”

వెనక నుంచి పుణ్యవతి ఏడుపు గోడలదరగొట్టింది. బయట మెట్ల మీద ఆమె శ్యామసుందర్ చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

సోములుకు యావజ్జీవం, పైడన్నకు ఏడేళ్లు పడ్డాయి.

శ్యామసుందర్ పరీక్ష పాసయ్యాడు. పై చదువుకు వెళ్లమని మాస్టారు అన్నా వెళ్లలేదు, దుకాణంలో కూర్చున్నాడు. ఖైదీలను చూడనిచ్చే రోజున జైలుకు వెళ్లేవాడు. పైడన్న రానని కబురు పంపేవాడు. వర్షాలు మొదలయ్యాక ఒకసారి మాత్రం ఇనుప చువ్వల వెనక వచ్చి నిలబడ్డాడు. తల గొరిగించారు. బుగ్గలు పీక్కుపోయాయి.

“నువ్వు సెప్పింది అబద్దం కాదు” అన్నాడు పైడన్న. “కానీ అయ్య పడిపోయినాక నాకింకేటీ కనపడనేదురా.”

“నాకు కనపడింది” అన్నాడు శ్యామసుందర్.

“ఆ నరసన్న రోజూ కల్లోకొస్తన్నాడు.”

“నాకూ వస్తన్నాడు.”

వార్డరు ఒరియాలో టైమైపోయిందని అరిచాడు. పైడన్న వెళ్లబోతూ ఆగాడు.

“అమ్మకి బస్సంటే బయిం. నన్ను సూడ్డానికి ఎండల్లో ఊరి నుంచి నడిసి ఒచ్చినాదంట. పై నెల నువ్వెల్లి తీసుకురా.”

“నాతో వొస్తాదా?”

“తిడతాది. కొడతాది కూడా. అయినా తీసుకురా.”

శ్యామసుందర్ తల ఊపాడు.