పిడికెడు బియ్యం, ఒక పేరు

నేను ఒక కుండను. నీళ్ళకుండనో, చల్లకుండనో, పెళ్ళిపందిట్లో రంగులు వేసి పేర్చే ఐరేని కుండనో అనుకునేరు. అంత భాగ్యం నాకు లేదు. నన్ను చేసే వేళకు మా కుమ్మరి నాంచారయ్య చేతులు సారె మీద, నోరు భార్య మీద పెట్టుకుని ఉన్నాడు. ఆమె ఒక మాట అంది, ఆయన రెండన్నాడు. ఆ రెండో మాట దగ్గర వేళ్ళు బిగుసుకుని నా మెడ ఇరుకైపోయింది. పొట్ట చూస్తే మానికెల కొద్దీ బియ్యం పట్టేంత, మూతి చూస్తే చిన్నపిల్లల చెయ్యి మాత్రమే దూరేంత. చెరిపి మళ్ళీ చేద్దామనే అనుకున్నాడు గానీ ఇంతలో భార్య అన్నానికి పిలిచింది. మనుషుల కోపాలు అన్నం దగ్గర చల్లారిపోతాయి, వాటి గుర్తులు మాత్రం మాలాంటివాళ్ళ మెడల మీద ఉండిపోతాయి. నేను ఆ మెడతోనే కుండలు కాల్చే ఆవంలోకి వెళ్ళాను.

సంతలో నన్నెవరూ ముట్టుకోలేదు. ముట్టుకున్నవాళ్ళు వేలితో టకటక కొట్టి, మోత బాగుందని మెచ్చుకుని, పక్కనున్న కుండను కొనుక్కుపోయారు. చివరికి మార్తమ్మ అనే ముసలామె పెద్ద కాగు ఒకటి బేరమాడి, "కొసరేదయ్యా?" అని అడిగితే నాంచారయ్య నన్ను తీసి ఆమె చంకలో పెట్టాడు. అలా కొసరుగా వెళ్ళినదాన్ని నేను.

మార్తమ్మది కృష్ణ ఒడ్డున క్రైస్తవుల పల్లె. అక్కడి ఆడవాళ్ళకు ఒక ఆచారం ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. అది దేవుడి బియ్యం. ఆదివారం గుడికి తీసుకెళ్ళి ఇస్తారు. ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నా, నూకలే ఉన్నా, ఆ పిడికెడు మాత్రం తప్పదు. మార్తమ్మ ఆ పని నాకప్పగించింది. నా మూతి ఇరుకు ఆమెకు దోషంగా కనిపించలేదు. "ఇందులో ఏసింది మళ్ళీ తీసుకోబుద్ధి కాదులే" అని నవ్వేది. ఒక్కోసారి ఆమెకు గంజి తప్ప ఏమీ మిగలని రోజుల్లో కూడా నాలో పిడికెడు పడేది. అప్పుడు నాకు తిరిగి ఆమె గిన్నెలోకి ఒలికిపోవాలనిపించేది. కుండకు ఆ స్వేచ్ఛ ఎక్కడిది?

మార్తమ్మ పోయాక నేను ఆమె అన్న కూతురు ఫీబమ్మ ఇంటికి వచ్చాను. ఫీబమ్మ జాకెట్లు కుట్టి బతికే మనిషి. ఆదివారం మాత్రం గుడి వసారాలో చాప పరిచి పిల్లలకు సండే స్కూలు చెప్పేది. ఆమెకున్న బాధ ఒక్కటే. పిల్లలకు ప్రార్థన రావడం లేదు. రాకపోవడమంటే నోటికి రాకపోవడం కాదు, నోటికి మరీ ఎక్కువగా రావడం. పరలోక ప్రార్థన మొదలుపెడితే బస్సు తప్పిపోతున్నట్టు ఆమెన్ దాకా పరుగే. మీకా అనే ఆరేళ్ళవాడైతే గుడి పాస్టరు అయ్యగారి గొంతు పెట్టి, "మహా ఘనుడవైన తండ్రీ, ఈ ఉదయకాల సమయమందు" అని సాయంత్రం పూట కూడా ఎత్తుకునేవాడు. దేశాధికారులందరికీ జ్ఞానమిమ్మని అడిగేవాడు గానీ, ముందురోజు తప్పిపోయిన తన మేకపిల్ల మాట ఎత్తేవాడు కాదు. అలాంటివి దేవుడికి చెప్పకూడదని వాడి అభిప్రాయం.

చేత్తో చేసింది మనసుకు పడుతుందని ఫీబమ్మ నమ్మకం. అరచెయ్యి కాగితం మీద పెట్టి గీయించింది. బొటనవేలు ఇంట్లోవాళ్ళకు, చూపుడువేలు చదువు చెప్పేవాళ్ళకు, చిటికెనవేలు మీకు, మరి అన్నిటికంటే పొడుగైన నడిమివేలు ఎవరికి అని అడిగితే, లైన్‌మన్‌కని పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచారు. ఆ వేసవిలో కరెంటు పరిస్థితి అలా ఉండేది. విసుగు లేకుండా ఎదురుచూడటం నేర్పాలని పళ్ళెంలో ఇసుక పోసి మెంతులు చల్లించింది. మొలకలు వచ్చిన రోజే కోడి వచ్చి తినిపోయింది. ఒకరి కాళ్ళు ఒకరు కడగండని చెంబు ఇస్తే, కాసేపటికి వసారాలో తడవనిది గోడ మీది గడియారం ఒక్కటే.

అప్పుడామె కళ్ళు నా మీద పడ్డాయి.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం నన్ను చాప మధ్యలో పెట్టింది. పిల్లలందరినీ ఇంటినుంచి పిడికెడు బియ్యం తెమ్మంది. "గట్టిగా పట్టుకోండి. మీరు ఎవరి కోసం దేవుణ్ణి అడగాలనుకుంటన్నారో, ఆ మనిషే మీ పిడికిట్లో ఉన్నట్టు. పేరు చెప్పండి, ఇందులో పొయ్యండి. అంతే. పెద్ద మాటలొద్దు" అంది. ఆ బియ్యమంతా దాచి, ఎండాకాలం సెలవుల్లో జరిగే బైబిలు బడి ఆఖరి రోజున పరమాన్నం వండి అందరికీ పెడతానని కూడా చెప్పింది. పురుగు పట్టకుండా నాలో వేపాకు వేసింది.

పరమాన్నం మహిమో, ఏమో గానీ పిల్లల నోళ్ళు విచ్చుకున్నాయి. మీకా రెండు వారాలు బిగదీసుకుని, మూడో వారం మెల్లగా "మా మేకపిల్ల" అన్నాడు. అది వాడి సొంత గొంతని అందరికీ ఆ రోజే తెలిసింది. ఇంకొకడు లెక్కల మేష్టారికి జ్వరం రావాలన్నాడు. ఫీబమ్మ కళ్ళెర్రజేస్తే, "జ్వరం వద్దులే, ఊరికి పోవాల" అని సవరించుకున్నాడు. నేను వాళ్ళ చేతులు చూస్తూ ఉండేదాన్ని. మట్టి చేతులు, చెమట చేతులు, బెల్లం అంటిన చేతులు. ఆ దినాలు నా బతుకులో మంచి దినాలు.

అందరిలోకీ ముందు వచ్చేది కెజియ. ఏడేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ సువార్త జబ్బు చేసి పట్నం ఆసుపత్రిలో ఉంది, నాన్న అక్కడే కాపలా. పిల్ల నానమ్మ దగ్గర ఉండేది. ప్రతి ఆదివారం పిడికిలి తెచ్చి నా మూతి మీద పెట్టి "మా అమ్మ" అనేది. గింజ కింద పడకుండా చూసుకుని మరీ పోసేది. పడితే ఏరి వేసేది.

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు ముగియకముందే సువార్త చనిపోయింది.

భూస్థాపన అయిన వారమే కెజియ మళ్ళీ వచ్చింది. ఎప్పటిలాగే పిడికిలి నా మూతి మీద పెట్టి "మా అమ్మ" అంది. పిల్లలు గుసగుసలాడారు. ఫీబమ్మ కంగారుపడింది. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యకూడదని వీళ్ళ సంఘంలో గట్టి నియమం. గబుక్కున ఆ చిన్న చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మకింక ప్రార్థన చెయ్యకూడదు తల్లీ. అమ్మ ప్రభువు దగ్గరుంది గందా. ఇంకెవరి పేరన్నా చెప్పు."

ఆమె ప్రేమగానే అంది. అయినా కెజియ ఇంకో పేరు చెప్పలేదు. పిడికిలి అలాగే మూసుకుని వెళ్ళి గుమ్మం దగ్గర కూర్చుంది. బడి అయ్యాక ఆ బియ్యం ఇంటికి తీసుకుపోయింది. నా దాకా వచ్చి వెనక్కి పోయిన పిడికిలి అదొక్కటే. నాకెందుకో ఆ వారమంతా వెలితిగా ఉంది.

తర్వాత ఆ పిల్ల బియ్యం తేలేదు. పాట పాడదు. ఎవరితోనూ ఆడదు. తోసినా తిట్టదు. ప్రార్థన వేళ అందరూ కళ్ళు మూసుకుంటే తను తెరుచుకుని నన్నే చూసేది. "టీచరమ్మా, కెజియ కళ్ళు మూసుకోట్లేదు!" అని తక్కినవాళ్ళు ఫిర్యాదు చేసేవాళ్ళు. వీళ్ళకెలా తెలిసిందో మాత్రం ఎవరూ అడగలేదు. ఫీబమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, రంగు బుడగలు కొనిపెట్టింది, నానమ్మతో మాట్లాడింది. పిల్ల మూసుకున్న నోరు మూసుకున్నట్టే ఉంది. ఈ బిడ్డ ఇక దేవుడితోనూ మాట్లాడదు, మనుషులతోనూ మాట్లాడదేమోనని ఫీబమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు ఏడ్చేది. మిషను తొక్కుతూ ఏడ్చేది. నేను అదే గదిలో మూల ఉండేదాన్ని.

బైబిలు బడి ఆఖరి రోజు వచ్చింది. గుడి వెనక మూడు రాళ్ళ పొయ్యి వెలిగించారు. ఒకావిడ బెల్లం దంచుతోంది, ఇంకొకావిడ కొబ్బరి తురుముతోంది. నన్ను వసారాలో చాప మీద పెట్టి అందరూ పాలు వచ్చాయా లేదా అని చూడటానికి వెళ్ళారు. అప్పుడు కెజియ వచ్చింది. నా ముందు గొంతుక్కూర్చుని చెయ్యి లోపలికి దూర్చింది. పైనున్న బియ్యం కాదు ఆమెకు కావలసింది. మోచేతి దాకా దించి, గింజల్ని తోసుకుంటూ అడుగు దాకా వెళ్ళింది. అడుగున ఉన్న బియ్యం పిడికెడు పట్టుకుంది. పైకి లాగింది. నా మెడ దగ్గర పిడికిలి ఆగిపోయింది.

మళ్ళీ లాగింది. మణికట్టు గీసుకుంది. ఏడవలేదు. నాకు గొంతు ఉంటే నేనే ఏడ్చేదాన్ని.

బెల్లం కోసం వచ్చినావిడ చూసి కేకేసింది. అందరూ మూగారు. సంఘ పెద్ద ఇస్సాకు కండువా సర్దుకుంటూ వచ్చాడు.

"ఏందే ఇది? దేవుడి బియ్యంలో చెయ్యి పెడతావా?"

"నూనె రాయండి" అంది ఒకావిడ. "నూనె దేనికి? పిడికిలి తెరిస్తే చెయ్యి అదే వచ్చుద్ది. వదిలెయ్ అమ్మాయ్, వదులు!" అన్నాడు ఇస్సాకు.

"వదల్ను."

చాలా రోజుల తర్వాత ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. ఫీబమ్మ జనాన్ని తోసుకుని వచ్చి ఆమె పక్కన చాప మీద కూలబడింది.

"ఎందుకు తల్లీ ఈ బియ్యం?"

"ఇయ్యి మా అమ్మయి" అంది కెజియ. "మా అమ్మ పేరు చెప్పి ఏశా. మీరు వండేత్తన్నారు. అందరూ తినేత్తారు. మా అమ్మయి నాకిచ్చెయ్యండి."

"అంత బియ్యంలో నీయి ఏయో నీకెట్టా తెలుసే?" అన్నాడు ఇస్సాకు.

"అడుగునున్నయి మాయే. ముందు నేనే ఏశాగా."

పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తోంది, వెళ్ళి దించినవాళ్ళు లేరు. పిడికిట్లో బియ్యం ఉంటే ఆ మనిషే ఉన్నట్టు అని చెప్పింది ఫీబమ్మే. పిల్ల ఆ మాటను మాటగా కాక, నిజంగా నమ్మింది. అమ్మ పేరు ఇక పలకకూడదన్నారు. పలికినప్పటి బియ్యం మాత్రం ఇంకా నా అడుగున ఉంది. ఇప్పుడు అది కూడా పోబోతోంది.

"వదలమని చెప్పు ఫీబమ్మా" అన్నాడు ఇస్సాకు, ఈసారి గొంతు తగ్గించి.

"ఆ రోజు ఈ బిడ్డ నోరు మూయించింది నేనే ఇస్సాకన్నా. ఇయ్యాళ పిడికిలి కూడా తెరవమని నా నోటితో అనలేను" అంది ఫీబమ్మ. లేచి వెళ్ళి బెల్లం దంచే పచ్చడిబండ, తడి తువ్వాలు తెచ్చింది.

"అది మార్తమ్మత్త కుండమ్మా!" అన్నారెవరో.

"అవును. అత్త ఉన్నా ఇదే చేసేది" అని నా పొట్టకు తువ్వాలు చుట్టింది. కెజియ వైపు తిరిగి, "నువ్వు వదలొద్దు తల్లీ. గట్టిగా పట్టుకో" అంది.

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు; కుమ్మరి ఏడాది చేసింది దుడ్డుకర్రకు ఒక్క దెబ్బ పని అని. నాకు రెండు పెట్లు పట్టాయి, ఎందుకంటే మొదటిది ఆమె మరీ మెల్లగా వేసింది. రెండోదానికి నేను విచ్చిపోయాను. నొప్పి గురించి అడుగుతారేమో, చెప్పలేను. నా మెడ ఊడి ఆ పిల్ల మణికట్టు మీద గాజులా కాసేపు నిలిచి, అదీ రెండుగా రాలిపోయింది. బియ్యం చాపంతా పరుచుకుంది. ఆ పిడికిలి మాత్రం తెరుచుకోలేదు. అది చూసి నేను సంతోషించాను.

పిల్ల మణికట్టు గీసుకున్న చోట ఫీబమ్మ తన కొంగు చుట్టింది. "అమ్మకి బాగు చెయ్యమని అడగటం అయిపోయింది గానీ, అమ్మనిచ్చినందుకు స్తోత్రం చెప్పటం ఎప్పటికీ అయిపోదు. అది నీకు చెప్పకుండా చెయ్యి పట్టుకుని ఆపేశా. నన్ను క్షమించు" అంది.

కెజియ తన పిడికిలి వైపు చూసుకుంది.

"కోపం వచ్చిందని చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు. ఆయనకే చెప్పు."

పిల్ల కళ్ళు మూసుకుంది. చేతులు జోడించలేదు, ఒక చెయ్యి ఖాళీగా లేదు కదా. పిడికిలి గుండెకు ఆనించుకుని అంది.

"ప్రభువా, మా అమ్మ నాకు జడేసేది. ఇప్పుడు నానమ్మ ఏత్తంది, గట్టిగా లాగుద్ది. మా అమ్మ పేరు సువార్త. మా అమ్మనిచ్చినందుకు స్తోత్రం. తీసుకుపోయినందుకు నాకు కోపంగా ఉంది. ఆమెన్."

ఆడవాళ్ళు ఆమెన్ అనలేకపోయారు, నోటికి కొంగులు అడ్డమొచ్చాయి. ఇస్సాకు ఒక్కడే గట్టిగా "ఆమెన్" అన్నాడు. ఆ పిడికెడు ఫీబమ్మ పిల్ల పరికిణీ అంచున ముడివేసింది. తక్కిన బియ్యం ఏరి, చెరిగి, పరమాన్నం వండారు. పాలు సగం పొంగిపోయాయి కాబట్టి అంత బాగా కుదరలేదని విన్నాను.

ఇప్పుడు నేను గుడి వెనక కుళాయి పక్కన పెంకుల కుప్పను. సండే స్కూలుకు మూతి వెడల్పుగా ఉన్న స్టీలు డబ్బా ఒకటి వచ్చింది. నాకు అసూయ లేదు. పిల్లలు అందులో బియ్యం పోస్తూ ఇప్పుడు రకరకాల మాటలు చెబుతున్నారు. మేకపిల్ల దొరకనందుకు మీకా కూడా తన అలక చెప్పుకున్నాడు.

నిన్న ఆడపిల్లలు వచ్చి నాలోంచి మంచి పెంకు ఒకటి ఏరుకున్నారు, తొక్కుడుబిళ్ళకు. అంచులు రాతి మీద అరగదీసి గుండ్రంగా చేసింది కెజియే. గళ్ళు గీశారు. బిళ్ళ వేసి, ఒంటికాలి మీద గెంతుతూ మూడో గడిలో కెజియ తూలింది.

"గీత తొక్కావే!"

"తొక్కలా!"

"తొక్కావు! నేను చూశా!"

"దేవుడి తోడు, తొక్కలా!" అని కెజియ నడుం మీద చేతులేసుకుని వీధంతా వినపడేలా అరిచింది.

ఒట్టు పెట్టుకోవడం తప్పని ఫీబమ్మ వీళ్ళకు ఎన్నోసార్లు చెప్పింది. వసారాలో కూర్చుని జాకెట్టుకు కాజాలు కుడుతున్న ఆమెకు ఆ అరుపు వినిపించింది. తలెత్తి చూసింది. నోరు తెరవబోయింది. మళ్ళీ ఏమనుకుందో, తల వంచుకుని కాజా కుట్టుకుంది.