దాసవాళ నెమ్మదించిన ఎండాకాలం

సత్యనారాయణపేటలోని నేత్ర ఇంటికి ఆ కొండచిలువ మార్చి నెలలో వచ్చింది. నేత్ర రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. అక్కడే పనిచేసే రాఘవేంద్ర అంతకుముందు దాన్ని మూడేళ్లు పెంచాడు. సుమత్రా చిత్తడి అడవుల జాతి, బ్లడ్ పైథాన్ అంటారు. ఒళ్లంతా ఎర్రటి మచ్చలు, బారెడు పొడవు, ఐదు కిలోల బరువు. ఆ ఎరుపు చూసే దాసవాళ అని పిలిచేవాడు, కన్నడంలో మందారం అని. రెండుసార్లు కరిచాక అతనికి దాని దగ్గరికి పోవడానికి ధైర్యం చాలలేదు. రిజిస్ట్రేషన్ కాగితాలన్నీ నేత్ర పేరుకు మార్పించి, దాన్ని ఆమెకు ఇచ్చేశాడు.

నేత్ర దగ్గరా అదే వరస. గాజుపెట్టె మూత తీస్తే చాలు, కుక్కర్ ఆవిరిలా బుస కొట్టేది. రెండోవారం మణికట్టు కరిచి పట్టుకుంది. విషం లేని పామే అయినా రక్తం బాగానే కారింది. కడుక్కుని కట్టు కట్టుకున్నాక నేత్రకు నొప్పికన్నా నామోషీయే ఎక్కువ అనిపించింది.

ఆమె అవ్వ భీమక్క సండూరు నుంచి వచ్చి ఉంటోంది. మొదట్లో పామున్న గది గడపే తొక్కలేదు. పగలంతా ఒక్కతే ఉండటంతో, పొద్దుపోక గుమ్మంలో స్టూలు వేసుకుని దాన్ని చూడటం మొదలుపెట్టింది. కట్టు చూసిన రోజు పామును పంపేయమంటుందనుకుంది నేత్ర.

"పైనుంచి చెయ్యి దించుతాండావు గదమ్మా. దానికి గద్ద దిగినట్ల ఉంటాది," అంది అవ్వ. "దాంకునేకి తావు లేదు, ఒళ్లు తడుపుకునేకి నీళ్లు లేవు. ఈ ఎండకు మనకే గొంతు ఆరిపోతాండాది. కొన్నాళ్లు సుమ్నె, దాని మానాన వదిలేయి దాన్ని."

నేత్ర పెట్టెను కిటికీ దగ్గర నుంచి చల్లని మూలకు జరిపింది. మూడువైపులా అట్టలు అంటించి, లోపల తడిపిన కొబ్బరిపొట్టు పరిచి, దూరేందుకు ఒక డబ్బా, పెద్ద నీళ్లతొట్టి పెట్టింది. రెండు వారాలు దాన్ని ముట్టుకోలేదు. ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు అవ్వ పొట్టు ఆరకుండా పెట్టె సందులోంచి నీళ్లు చిలకరించేది.

ఒక ఆదివారం నేత్ర మూత తీసి, వంపు తిరిగిన కడ్డీతో దాని ఒంటిని పక్కనుంచి మెల్లగా తాకింది. ఇది తిండివేళ కాదని పాముకు తెలిపే సైగ అది. బుస వచ్చింది. నేత్ర చెయ్యి వెనక్కి లాక్కోలేదు. పక్కనుంచి రెండు చేతులూ పొట్టకింద పోనిచ్చి, బరువంతా ఆనేలా ఎత్తింది. బుస సన్నగిల్లింది, ఆగింది. దాసవాళ నాలుక ఆడిస్తూ ఆమె ముంజేతి మీద చల్లగా పడుకుంది. పది నిమిషాలకు తిరిగి పెట్టెలో వదిలింది.

ఆ తర్వాత వారానికి రెండుసార్లు ఎత్తుకునేది. తిండి పెట్టాక మూడురోజులు మాత్రం కదిలించేది కాదు. జూన్ వచ్చేసరికి బుస అరుదైపోయింది.

ఒక సాయంత్రం అవ్వ చీర సర్దుకుని ఒడి చూపించింది. నేత్ర భయపడుతూనే పామును అందులోకి దించింది. దాసవాళ చుట్టలు చుట్టుకుని కదలకుండా ఉండిపోయింది. కాసేపటికి తీసేయబోతే అవ్వ ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"ఉండనీ స్వల్ప సేపు. బరువుగా ఉండాది గానీ హాయిగా ఉండాది."

నేత్ర పక్కనే కూర్చుంది.