ఇసుకలో లియాంగ్ తాలూకా

గల్ఫ్ యుద్ధం ముగిశాక లింబాద్రి సౌదీలోని తబూక్‌లో కట్టుబడి పనికి కుదిరాడు. ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక చైనా మేస్త్రీ లియాంగ్ వచ్చీరాని అరబ్బీలో తన తాలూకా కథ చెబుతూ ఇసుకతో కొండలు పోశాడు, వేలితో ఏరు గీశాడు. వరదకు పాత ఊరు మునిగితే తాతలు గుట్టెక్కారట, వాళ్ల సమాధులూ ఆ గుట్ట మీదేనట. లింబాద్రి నోరు తెరుచుకుని విన్నాడు. అలవాటు పాడుగాను, నోట్లో తంబాకు తుపుక్కున ఉమ్మేశాడు. సరిగ్గా గుట్ట మీదే పడింది.

"ఏడ ఉమ్మినవ్‌ రా? ఆయన తాతల మీదనా!" తోటి కూలీ హన్మాండ్లు కసిరాడు.

లింబాద్రికి తల కొట్టేసినట్టయింది. లియాంగ్ తడిసిన ఇసుక తీసి పారేశాడు.

"మాఫ్ చెయ్యన్నా," అంటూ లింబాద్రి చేతులు కడుక్కుని దోసెడు శుభ్రమైన ఇసుక తెచ్చిచ్చాడు. గుట్ట మళ్లీ లేచింది. కథ మాత్రం మళ్లీ మొదలవలేదు.